తిమింగలం గేమ్స్ వారి చావులేని ఆట

కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళే రోజులవి. గుడిలోకైనా ఎవరో ఒక మతిమరుపు భక్తుడు చెప్పులతో అడుగు పెట్టేవాడేమో గానీ, మా బందరులో కంప్యూటర్ గది గడప దాటాలంటే మాత్రం కాళ్ళు కడుక్కుని, తల దువ్వుకుని, గొంతు తగ్గించుకుని మరీ వెళ్ళేవాళ్ళం. దుమ్ము పడితే దానికి వైరస్ సోకుతుందని మా ఇన్‌స్టిట్యూట్ మాస్టారి నమ్మకం. (తుమ్ము వస్తే ఆయన రోడ్డు మీదికి పరిగెత్తి, అక్కడ తుమ్మి, మళ్ళీ కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేవారు. జలుబు చేసిన వారంలో మాకు పాఠం జరిగేది కాదు, ఆయనకి వ్యాయామం జరిగేది.) అంత నిష్ఠగా చదివి డిప్లొమా పుచ్చుకున్న నేను, నా లెక్క ప్రకారం, కృష్ణమ్మకీ సముద్రానికీ మధ్య పుట్టిన మేధావుల్లో మొదటివాణ్ణి. మా నాన్న లెక్క ప్రకారం మాత్రం, గుడివాడలో మా బాబాయి తవుడు గోడౌన్‌లో ఖాళీగా ఉన్న కుర్చీకి అచ్చంగా సరిపోయే మనిషిని.

ఆ తవుడు చేపల చెరువులకి వెళ్ళేది. గోడౌన్‌లో ఒక్క పూట కూర్చుంటే చాలు, మనిషి కనుబొమ్మలు మొదలుకుని తవుడు రంగుకి తిరిగిపోతాడు. మా బాబాయి వీధిలో తల దులుపుకుంటే నాలుగు ఇళ్ళ కోళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చేవి. అలాంటి భవిష్యత్తు నాకు వద్దని నేను మొండికేస్తే మా నాన్న చాలా శాంతంగా, అంటే మూడో ఇంటికి మాత్రమే వినపడేలా, ఇలా అన్నారు. "ఒరేయ్, చేప రోజూ తింటుంది. నీ కంప్యూటర్ రోజూ తింటుందా? తినేదాని పక్కన ఉంటే మనకీ ఇంత ముద్ద దొరుకుతుందిరా!" ఆ మాటలోని లోతు నాకు అప్పుడు తెలియలేదు. తెలియకపోవడం వల్లే నేను ఒక వీడియో గేమ్స్ కంపెనీలో చేరాను.

ఆ కంపెనీ పేరు తిమింగలం గేమ్స్. ఆంధ్రదేశంలోకెల్లా చవకైన వీడియో ఆటలు ప్రచురించిన సంస్థ అదేనని నేను కుండ బద్దలు కొట్టి చెప్పగలను. (కాదని చెప్పడానికి ఇంకో కంపెనీ ఉంటే కదా.) దాని యజమాని చిలకలపూడి వైపు రోల్డుగోల్డు నగల వ్యాపారి. ఊరంతటికీ ఆయన మావయ్యగారు. ఆయనకి కూతుళ్ళు లేకపోయినా ఊళ్ళో ఉన్న పెళ్ళికాని కుర్రాళ్ళందరూ ఆయనకి అల్లుళ్ళే. ఆయన ఒకసారి విజయవాడలో అద్దాల తలుపుల దుకాణంలో ఒక విదేశీ ఆట సీడీ ధర అడిగి, నిలబడ్డచోటే కాసేపు కూర్చున్నారట. ఆ ధరకి బందరులో పట్టుచీర వస్తుంది. తిరుగు బస్సులో ఉయ్యూరు దాటేసరికి ఆయనకి జ్ఞానోదయమైంది.

"అల్లుడూ, బంగారం కొనలేని ఆడపిల్ల మెళ్ళో మనం రోల్డుగోల్డు వేశామా లేదా? పెద్ద ఆట కొనలేని పిల్లాడికి చిన్న ఆట ఇవ్వలేమా? ఆటల్లో రోల్డుగోల్డన్నమాట!" అని నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న రోజు చెప్పారు. ఆయన దుకాణం బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'రోల్డుగోల్డ్ నగలు, గ్యారంటీ' అని అంతకు ముందే ఉంది. దాని కింద మిగిలిన జానెడు జాగాలో తిమింగలాన్ని ఇరికించారు. జాగా చాలక పెయింటరు తోక మడతపెట్టాడు. చూసినవాళ్ళకి అది వేయించిన చందువా చేపలా కనపడి, కొంతమంది లోపలికొచ్చి భోజనం ఎంతని కూడా అడిగారు.

బొమ్మలు వేసే శాఖకి అధిపతి మా భాయ్. కలంకారీ గుడ్డల మీద అద్దకం వేసే చెక్క అచ్చులు చెక్కడంలో ఆయన తాతముత్తాతల నుంచీ ఆరితేరిన వంశం. ఆ విషయం మీరు అడగక్కర్లేదు, ఆయనే చెప్పేవారు. ఔరంగజేబు తలగుడ్డ అంచు మా ఇంటి అచ్చే అనేవారు సోమవారం నాడు. గురువారానికి అది అక్బరుది అయ్యేది. మౌస్ ముట్టుకోవడం ఆయనకి చిన్నతనం. అందుకని ముందు టేకు చెక్క మీద బొమ్మ చెక్కి, రంగులో ముంచి, గళ్ళ గుడ్డ మీద అద్ది, ఆ గుడ్డని కంప్యూటర్ పక్కన తాడు మీద ఆరేసేవారు. నేను దాన్ని చూస్తూ ఏ గడిలో ఏ రంగుందో తెరలో నింపేవాణ్ణి. ప్రపంచంలో ముందు టేకుతో, తరవాత కరెంటుతో తయారైన ఆటలు మావే. కాకపోతే కలంకారీ అచ్చు కాబట్టి దున్నపోతు ఒంటి నిండా లతలు పాకేవి. పీత డెక్కల్లో నెమళ్ళు ఉండేవి. ఏ బొమ్మకైనా చుట్టూ అంచు తప్పనిసరి.

"భాయ్, మనిషి నడుస్తుంటే చుట్టూ ఆ పూల అంచు కూడా నడుస్తోందండీ. దుప్పటి కప్పుకున్నట్టుంది" అన్నాను ఒకసారి.

"అరే, అంచు లేని బొమ్మ, మీసం లేని పోలీసు దారోగా ఒకటే. నడవనీ భాయ్! దానికేమైనా కాళ్ళు నొప్పులా?" అన్నారాయన.

మా మొదటి ఆటల గురించి ఎక్కువ చెప్పను. బస్టాండులో సీటు మీద రుమాలు విసిరే ఆట ఒకటి తీశాం. అది మా జిల్లావాళ్ళకి ఆటలా అనిపించలేదు, ఉద్యోగానికి వెళ్తున్నట్టే అనిపించింది. బాతుల మందని కాలవ దాటించే ఆట ఇంకొకటి. అది పరవాలేదనిపించుకుంది. ఇక ప్యాకింగు సంగతి. విడిగా అట్టపెట్టెలు చేయిస్తే చవక ఆట చవకగా ఉండదని, దుకాణంలో మిగిలిపోయిన నెక్లెస్ పెట్టెల్లో పెట్టి అమ్మారు మావయ్యగారు. ఎర్ర మఖమలు పెట్టె, లోపల దూది, దూది మీద గులాబీ రంగు కాయితం, దాని మీద సీడీ. వాటిని ఆటలు ఆడేవాళ్ళకంటే పెళ్ళిళ్ళకి వెళ్ళేవాళ్ళే ఎక్కువ కొన్నారు. పామర్రులో ఒక పెళ్ళికూతురు పెట్టె తెరిచి, మధ్యలో కన్నం ఉన్న ఆ వెండి పళ్ళెం చూసి, ఇది మెళ్ళో ఎలా వేసుకోవాలో తెలియక తాళి కట్టే దాకా బెంగ పెట్టుకుందని చెప్పుకున్నారు. (ఎవరు చెప్పుకున్నారంటారా? నేనే.)

ఇలా ఈదుతున్న తిమింగలాన్ని ఒడ్డుకో లోతుకో చేర్చాల్సిన రోజు వచ్చింది. గుడివాడలో క్యాసెట్లూ సీడీలూ టోకున అమ్మే పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. మావయ్యగారికి ఏ వరసనా కాకపోయినా బావగారు. కైకలూరు నుంచి అవనిగడ్డ దాకా ఏ కొట్టులో ఏ సీడీ వేలాడాలో ఆయన దయ. ఆయన మా ఆఫీసుకి వచ్చి, టీ తాగి, పెదవి విరిచి, తన మాట చెప్పారు. "బావా, నువ్వు ఇంకొక్క ఆట తియ్యి. మోపిదేవి షష్ఠి తిరనాళ్ళలో స్టాలు పెట్టు. నేను స్వయంగా వచ్చి చూస్తాను. నా కళ్ళ ముందు జనం కొంటే నా కొట్లన్నిటికీ ఎత్తుకుంటాను. కొనకపోతే హాయిగా నగలు చూసుకో. ఈ కుర్రాణ్ణి కూడా వాళ్ళ నాన్న చెప్పిన పనిలోకి పంపించు." ఆయన ఆ చివరి మాట అంటుంటే నా ముక్కుకి తవుడు వాసన కొట్టింది. కొట్టిందంటే, చెంప మీద కొట్టింది.

అంచేత ఆ ఆట నా ప్రాణం. పేరు 'దివిసీమ చిన్నోడు'. మోపిదేవిలో బయల్దేరిన ఒక కుర్రాడు గట్ల మీదుగా, కాలవలు దూకుతూ, దున్నపోతుల్నీ పీతల్నీ ఆర్టీసీ బస్సుల్నీ తప్పించుకుంటూ సముద్రం చేరాలి. రాత్రింబవళ్ళు కూర్చుని తయారు చేసి మావయ్యగారికి చూపించాను. తెర మీద దున్నపోతు చిన్నోణ్ణి కుమ్మింది. చిన్నోడు గాల్లోకి లేచి వెల్లకిలా పడ్డాడు. నేను గర్వంగా చూశాను. ఆయన మొహం మాడిపోయింది.

"వాడికేమైంది అల్లుడూ?"

"పోయాడండీ. ఇంకా రెండు ప్రాణాలున్నాయి."

"పోవడమేంటి, పోవడం! పొద్దున్నే దీపం పెట్టిన దుకాణంలో! మనం బియ్యం అయిపోతే అయిపోయాయంటామా? నిండుకున్నాయంటాం. దీపం ఆరిందంటామా? కొండెక్కిందంటాం. అలాంటిది పసిపిల్లల చేత, కన్నతల్లి ఉన్న కుర్రాణ్ణి, మన చేతుల్తో చంపిస్తామా? పైగా మూడుసార్లా?"

"అన్ని ఆటల్లోనూ అంతేనండీ."

"అందుకే అవంత ఖరీదు. పాపం ఖరీదెక్కువ. మనది చవక ఆట."

"మరి దున్నపోతు కుమ్మితే ఏమవ్వాలండీ?"

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "దెబ్బ తగిలినవాడు ఎక్కడికెళ్తాడు? ఇంటికెళ్తాడు. వాళ్ళమ్మ అన్నం పెడుతుంది. తిని మళ్ళీ వస్తాడు."

భాయ్ అప్పటికే టేకు ముక్క వెతుకుతున్నారు. అరిటాకు, పప్పన్నం, నెయ్యి గిన్నె, విసనకర్రతో అమ్మ, అన్నీ అంచులతో సహా అచ్చులయ్యాయి. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "తిన్నాక పొట్ట పెరగకపోతే అదేం తిండి భాయ్? మా ఇంట్లో తిన్నవాడి పొట్ట పెరగకపోతే పెద్దావిడ ఊరుకుంటుందా?" అని ఆయన పట్టుబట్టారు. సరేనని తిన్న ప్రతిసారీ పొట్ట ఒక గడి పెరిగేలా రాశాను. పోనీ సముద్రం చేరాక ఆట అయిపోతుందా అంటే దానికీ మావయ్యగారు ఒప్పుకోలేదు. "వాణ్ణి అక్కడ ఒంటరిగా వదిలేసి మనం కంప్యూటర్ కట్టేసుకుని పోవడమేనా? వెళ్ళినవాడు తిరిగి ఇంటికి రావద్దూ? వచ్చాక అన్నం తినొద్దూ? తిన్నాక మళ్ళీ షికారు బుద్ధి పుట్టదూ?" ఇలా మా ఆటకి చావూ లేదు, ముగింపూ లేదు. ఆ సంగతి మా ముగ్గురికీ గొప్ప గర్వంగా ఉండేది.

తిరనాళ్ళ రోజున బందరు బస్టాండులో బస్సెక్కాం. అప్పటి మానిటర్ అంటే మీకు గుర్తుందో లేదో, ముందు టీవీ, వెనకాల గాడిద. దాన్ని కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి దుప్పటి కప్పాం. కండక్టరు వచ్చి దుప్పటి ఎత్తి చూశాడు.

"ఇదెవరండీ?"

"కంప్యూటర్ బాబూ. షష్ఠికి వస్తోంది."

"సీట్లో కూర్చుంటే ఫుల్ టికెట్టండీ. ఒళ్ళో పెట్టుకుంటే ఊరుకుంటా."

దాంతో మావయ్యగారు దాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు. చల్లపల్లి వచ్చేసరికి ఆయనకి నడుం కింద భాగం ఉందో లేదో తెలియకుండా పోయింది. పక్క సీటు పెద్దావిడ, చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నవాళ్ళని చూసినట్టు జాలిగా చూసి, "మొక్కేమైనా ఉందా నాయనా?" అని అడిగింది. "చాలా పెద్ద మొక్కుందమ్మా" అన్నారాయన.

మోపిదేవిలో ఆ రోజు జనం సంగతి చెప్పాలంటే, ఇసక వేస్తే రాలదంటారే, మేం వేసి కూడా చూశాం, రాలలేదు. గంధం పూసిన గుండ్లు, చెవులు కుట్టించుకుని రాగాలు తీస్తున్న పిల్లలు, పాలచెంబులు, గాజుల కొట్లు, జీళ్ళ బళ్ళు. గాజుల కొట్టుకీ జీళ్ళ బండికీ మధ్య మా స్టాలు. జెనరేటరు వాణ్ణి బతిమాలి ఒక వైరు లాగించుకుని, బల్ల మీద మఖమలు పెట్టెలు గుట్టగా పేర్చాం. మావయ్యగారు మైకు పుచ్చుకుని, జన్మకంతా సరిపడే ఒక ప్రకటన చేశారు. "రండి బాబూ రండి! ఒక్క ఆట ఉచితం! ఆట అయ్యేదాకా మీ ఇష్టం! ఆడి చూసి, నచ్చితేనే కొనుక్కోండి!"

మొదట కూర్చున్నది నాగాయలంక నుంచి వచ్చిన ఒక మామ్మగారు. చెవులు కుట్టించిన మనవరాలు ఏడుపు ఆపడం లేదని, దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మా కుర్చీ ఎక్కింది. చిన్నోణ్ణి ఎలా నడిపించాలో నేను చూపించాను. మామ్మగారు ఒక వేలితో మీట నొక్కింది. చిన్నోడు తిన్నగా వెళ్ళి దున్నపోతుకి తగిలాడు. ఇంటికెళ్ళాడు. వాళ్ళమ్మ ఆకు వేసింది. మామ్మగారి కళ్ళు మెరిశాయి.

"ఏం కూర వేసింది నాయనా?"

"పప్పండీ."

"వట్టి పప్పేనా! ఆవకాయైనా లేదూ?"

"వచ్చే ఆటలో వేస్తామండీ. ఇప్పుడు దున్నపోతుని తప్పించాలి మామ్మగారూ."

"ఎందుకు తప్పించడం? తగిల్తేనే కదా పిల్లాడు ఇంటికొచ్చి ఇంత తినేది! బక్కచిక్కిపోయి ఉన్నాడు, చూడు." అని, మనవరాలిని పక్కకి దింపి, చెంగు బిగించి, చిన్నోణ్ణి గురిచూసి మరీ దున్నపోతు మీదికి తోలింది. వాడు ఇంటికెళ్ళి తిన్నాడు. మళ్ళీ తోలింది. మళ్ళీ తిన్నాడు. లోకంలో ఆటలన్నీ శత్రువుని తప్పించుకోవడానికైతే, ఈవిడ వెతుక్కుంటూ వెళ్ళి ఢీకొడుతోంది. మనవరాలు ఏడుపు మానేసి చప్పట్లు కొడుతోంది. వెనకాల వరస మొదలైంది.

వరస మొదట్లో చూడముచ్చటగా ఉంది. తరవాత గాజుల కొట్టు దాటింది. తరవాత జీళ్ళ బండిని చుట్టింది. తరవాత అది స్వామి దర్శనం వరసలో కలిసిపోయి, ఎవరు సుబ్రహ్మణ్యేశ్వరుడి కోసం నిలబడ్డారో, ఎవరు చిన్నోడి కోసం నిలబడ్డారో వాళ్ళకే తెలియకుండా పోయింది. (కొంతమంది నేరుగా మా స్టాలుకి వచ్చి మానిటర్‌కి దణ్ణం పెట్టి, పాలు పొయ్యబోతే భాయ్ రెండు చేతులూ అడ్డం పెట్టి ఆపారు.) అప్పుడు తట్టింది నాకు అసలు సంగతి. ఒక్క ఆట ఉచితమన్నాం. ఆట అయ్యేదాకా అన్నాం. మా ఆట అవ్వదు!

చేతులు నులుముకుంటూ మామ్మగారి దగ్గరికి వెళ్ళాను. "మామ్మగారూ, వెనకాల చాలామంది ఉన్నారండీ..."

"ఆట అయ్యేదాకా అన్నారుగా నాయనా మైకులో?"

"అన్నామండీ."

"అయిందా?"

"కాలేదండీ."

"మరి?" అని చిన్నోణ్ణి ఇంకోసారి తోలింది.

వెనక నుంచి కేకలు మొదలయ్యాయి. "ఏవమ్మోయ్, పిల్లాడి పెళ్ళి కూడా చేసి లేస్తావా?" "మా బస్సు వెళ్ళిపోతోంది, చెప్పండయ్యా!" "ముందు కొనండి, తరవాత ఆడచ్చు" అని నేనంటే, "ఆడి చూసి నచ్చితేనే కొనమన్నారుగా" అని ఒక పంచె పెద్దాయన మా మాట మాకే అప్పజెప్పాడు. ఒక్క పెట్టె కదల్లేదు. సరిగ్గా అప్పుడు జనాన్ని తోసుకుంటూ, తెల్ల చొక్కా నలిగిపోయి, గుడివాడ బావగారు వచ్చారు. వరసని చూసి ఆయన నోరు తెరుచుకుపోయింది.

"బావా! ఇదంతా నీ ఆటకేనా? నేను రథం లాగుతున్నారేమో అనుకున్నా! ఎన్ని అమ్మావు?"

మావయ్యగారు జీళ్ళ బండి వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. నిజం చెప్పింది భాయే. "ఇంకా బోణీ కాలేదు సాబ్. మొదటి బేరం కుర్చీలో ఉంది."

సంగతి తెలుసుకున్న బావగారు నా చెవిలో, "ప్లగ్గు పీకవయ్యా!" అన్నారు. నాకూ అదే దారి కనపడింది. తవుడా, ప్లగ్గా అని మనసులో తూచుకుని, బల్ల కిందికి దూరి, వైరు మీద చెయ్యి వేశాను. పై నుంచి మావయ్యగారి గొంతు ఉరిమింది. "అల్లుడూ! ఆగు! వాడు ఆకు ముందు కూర్చున్నాడు!"

"ఎవరండీ?"

"చిన్నోడు! తింటున్నవాణ్ణి లేపుతావా? బుద్ధుందా?"

వరసలో ఉన్న జనం కూడా, అంతసేపూ తిట్టిన జనమే, "పాపం, తిననియ్యండయ్యా" అన్నారు. అన్నం ముందు కూర్చున్నవాణ్ణి లేపే మనిషి మా జిల్లాలో ఇంకా పుట్టలేదు. నేను వైరు వదిలేశాను. వాడు తినేశాక పీకుదామంటే, మామ్మగారు తోలే వేగానికి వాడు తినడం అవ్వనే లేదు. ఆకు మీద ఆకు. బావగారు కూడా మెల్లిగా కుర్చీ వెనక్కి చేరి, "అటు పక్క పీత ఉంది, దానికి కూడా తగిలించండి మామ్మగారూ" అని సలహాలు ఇవ్వడం మొదలెట్టారు.

మాలో ఎవరూ ఊహించనిది పొట్ట సంగతి. తిన్నప్పుడల్లా ఒక గడి. ముందు చొక్కా దాటింది. తరవాత అరుగు దాటింది. మధ్యాహ్నానికి చిన్నోడు దివిసీమ అంతటినీ ఆక్రమించాడు. దున్నపోతు పక్కకి జరిగి జరిగి తెర అంచున నక్కింది. ఆర్టీసీ బస్సుకి దారి లేకపోయింది. చివరికి వాళ్ళమ్మ విసనకర్ర ఒక మూల, నెయ్యి గిన్నె ఒక మూల మిగిలి, తక్కిన తెరంతా ఒకే ఒక్క పొట్ట, దాని మీద భాయ్ చెక్కిన పూలు, లతలు, అంచులు. ఇంకొక్క ముద్ద పెట్టగానే కంప్యూటర్ చిన్నగా మూలిగి ఆగిపోయింది. ఏ మీట నొక్కినా కదలదు. నా గుండె కూడా ఆ కంప్యూటర్‌తో పాటే ఆగింది.

మామ్మగారు తృప్తిగా నిట్టూర్చింది. "నిండిందిరా బిడ్డకి కడుపు" అని, మనవరాలిని చంకనేసుకుని లేచి నిలబడింది. "ఇప్పుడైంది నాయనా ఆట." జనం ఈలలు వేశారు. భాయ్, "చూశారా, అంతా నా అంచే!" అని అరిచారు. మామ్మగారు కొంగు ముడి విప్పి, ఒక మఖమలు పెట్టె తీసుకుంది.

"మీ ఇంట్లో కంప్యూటర్ ఉందా మామ్మగారూ?" అన్నాను ఆత్రంగా.

"నాకెందుకు నాయనా అది? పిల్లాడు మా ఇంట్లో ఉంటాడని తీసుకున్నా."

అదొక్కటే ఆ రోజు అమ్ముడైంది. ఆగిపోయిన కంప్యూటర్ దీపాలు పెట్టే వేళకి గానీ కళ్ళు తెరవలేదు. అప్పటికి జనం బస్సులెక్కేశారు. బావగారు జీళ్ళు నముల్తూ మావయ్యగారి భుజం మీద చెయ్యి వేసి చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తుంది. "బావా, ఆట బ్రహ్మాండం. నేనే మైమరచిపోయా. కానీ నేను ఎత్తుకోలేను. నువ్వు చెప్పు, నీ రోల్డుగోల్డు గాజు రంగు దిగుతుంది కాబట్టే కదా ఆ పిల్ల మళ్ళీ నీ కొట్టుకొస్తుంది? చవక సరుకు అరగాలి బావా. ఈ ఆట కొన్నవాడు జన్మలో రెండో ఆట కొనడు. వాడికి దీంతోనే సరిపోతుంది." మావయ్యగారు మిగిలిన మఖమలు పెట్టెలన్నీ సర్దేశారు. తరవాత, "అయితే ఇన్నాళ్ళకి నేను అచ్చమైన బంగారం ఒకటి చేశానంటావు" అని నవ్వారు. తిమింగలం గేమ్స్ చివరి ఆట అదే.

నేను తవుడులోకి వెళ్ళాను. మొదటి వారం నన్ను చూసి కోళ్ళు వెంటపడ్డాయి. రెండో నెలలో మా బాబాయి, ఏ చెరువులో ఎంత తవుడు వేస్తే చేప ఎంత పెరుగుతుందో లెక్కగట్టలేక జుట్టు పీక్కుంటుంటే, నాకు చిన్నోడి పొట్ట గుర్తొచ్చింది. తిన్నకొద్దీ గడి పెరిగే ఆ లెక్కనే కాస్త దిద్ది, చిన్నోడి బదులు బొచ్చెచేపని పెట్టి, ఒక ప్రోగ్రాం రాసిచ్చాను. అది గోడౌన్ నుంచి గోడౌన్‌కి పాకింది. ఇప్పటికీ గుడివాడ చుట్టుపక్కల చాలా చెరువుల చేపలు, వాటికి తెలియదు గానీ, మా భాయ్ పట్టుదల ప్రకారమే లావెక్కుతున్నాయి. నా ఇల్లూ వాకిలీ దాని మీదే. తినేదాని పక్కన ఉంటే మనకీ ముద్ద దొరుకుతుందన్న మా నాన్న మాట నిజమైంది. (ఆ సంగతి ఆయనకి తెలియనివ్వకుండా ఎంత జాగ్రత్తపడ్డానో.)

మొన్న మా అమ్మాయి కాలేజీ ఫంక్షన్‌కి నగ కోసం బీరువా వెతుకుతూ ఒక ఎర్ర మఖమలు పెట్టె తీసింది. ఆశగా తెరిచింది. పామర్రు పెళ్ళికూతురి మొహమే దాని మొహంలో కనపడింది నాకు. అది కంప్యూటర్ల చదువు చదువుతోంది. (చెప్పులతోనే.) వారం తిరక్కుండా ఆ ఆటని ఫోన్లో ఆడేలా చేసి, "నాన్నా, వీడు చావడా? దీనికి ఎండ్ లేదా?" అని ఆశ్చర్యపోయి, తన స్నేహితులందరికీ పంపింది. పరీక్షలు చెడిపోతున్నాయని ఇద్దరు ముగ్గురు తల్లులు నాకు ఫోన్ చేస్తే, చాలా ఏళ్ళ తరవాత నా ఛాతీ పొంగింది.

నిన్న మా అమ్మాయిని తీసుకుని బందరు వెళ్ళాను. దుకాణం పైన బోర్డు అలాగే ఉంది, తోక మడిచిన తిమింగలంతో సహా. పెట్టిన బోర్డు దించడం మంచిది కాదని మావయ్యగారు దించలేదట. అంచేత కంపెనీకి అదే చివరి ఆటని ఇక్కడ నేను రాశాను గానీ, ఆయన ముందు మాత్రం ఆ మాట అనకండి. ఆయన జుట్టంతా ముగ్గుబుట్ట. పక్కన టీ గ్లాసుతో భాయ్. మా అమ్మాయి ఫోన్ చూపించగానే భాయ్ కళ్ళజోడు సవరించుకుని, "అరే బేటీ, అంచు తీసేశావేంటి?" అని కంగారుపడ్డారు.

"స్క్రీన్ చిన్నది కదా తాతగారూ..."

"తెర పెంచు. అంచు తియ్యకు."

మావయ్యగారు ఫోన్ అందుకుని, ఒక వేలితో చిన్నోణ్ణి గట్టు మీద నడిపించారు. ఎదురుగా లతల దున్నపోతు. ఆయన వేలు పక్కకి తిప్పలేదు.

"తాతగారూ, తప్పించండి, తప్పించండి!" అంది మా అమ్మాయి.

"ఆగవే తల్లీ. వాడు అన్నం తిని ఎన్నేళ్ళయిందో."

దున్నపోతు కుమ్మింది. చిన్నోడు ఇంటికి పరిగెత్తాడు. వాళ్ళమ్మ ఆకు వేసింది, విసనకర్ర అందుకుంది. మేం నలుగురం కౌంటర్ మీద తలలు ఆన్చి, వాడు తినేదాకా కదలకుండా చూశాం. తెర మీద వాడి పొట్ట ఒక గడి పెరిగింది. నేను మెల్లిగా నా చొక్కా కిందికి లాక్కున్నాను.